జాంగోలో మెనీ టు మెనీ: మామూలు ఫీల్డా, త్రూ మోడలా, విడి టేబులా?

విజయవాడ ఆటోనగర్‌లో ఒక స్పేర్ పార్టుల కొట్టుకి స్టాక్ సాఫ్ట్‌వేర్ రాయాలనుకోండి. ఒక బ్రేక్ ప్యాడ్ నాలుగైదు రకాల బండ్లకి సరిపోతుంది. ఒక బండికి వందల పార్టులు ఉంటాయి. ఎటు నుంచి చూసినా ఒకదానికి చాలా. పైథాన్‌తో వెబ్ సాఫ్ట్‌వేర్ రాసే ఫ్రేమ్‌వర్క్ జాంగోలో దీనికి మెనీ టు మెనీ ఫీల్డ్ ఉంది కదా, ఒక్క లైను రాస్తే పని అయిపోతుంది. అయిపోయినట్టే కనిపిస్తుంది కూడా. ఆ తర్వాత రెండు చోట్ల తేడా కొడుతుంది. కొట్టు ఓనరు పార్టు గురించీ కాకుండా బండి గురించీ కాకుండా ఆ రెండింటి జత గురించి ఏదో అడిగినప్పుడు ఒకటి. ఫారం సేవ్ చేయగానే నిన్నటిదాకా ఉన్న లింకులు కనిపించకుండా పోయినప్పుడు రెండోది.

అందుకే ఇక్కడ తేల్చుకోవాల్సినవి రెండు: లింకుని ఎక్కడ దాచాలి, ఎలా సేవ్ చేయాలి. మొదటిదానిలో పొరపాటు పడితే మైగ్రేషన్ (టేబుళ్ళ ఆకారం మార్చే పని) దగ్గర తల బొప్పి కడుతుంది. రెండోదానిలో పడితే డేటా పోతుంది, అదీ ఏ ఎర్రరూ రాకుండా.

జత గురించి ఎవరైనా ఏమైనా అడుగుతారా?

మామూలు మెనీ టు మెనీ ఫీల్డ్ పెడితే జాంగో తనంతట తానే మధ్యలో ఒక టేబుల్ తయారుచేస్తుంది. అందులో ఒక ఐడీ, పార్ట్ ఐడీ, బండి ఐడీ, అంతే. ఒకే జత రెండుసార్లు పడకుండా యూనిక్ నిబంధన కూడా పెట్టేస్తుంది. బండిని డిలీట్ చేస్తే దాని లింకులన్నీ కాస్కేడ్‌లో, అంటే దాంతోపాటే, పోతాయి, ఎవరినీ అడగదు.

ఇది చాలా, చాలదా అని తేల్చడానికి కోడ్ చూడక్కర్లేదు. కౌంటర్ దగ్గర ఓ గంట నిలబడి వచ్చే ప్రశ్నలు వినండి. ధర, పార్ట్ నంబరు, ఏ రాక్‌లో ఉంది: ఇవి పార్టువి. పెట్రోలా డీజిలా: ఇది బండిది. “ఈ బండికి ప్లగ్గులు ఎన్ని ఇవ్వాలి?” అన్న ప్రశ్న ఎవరిది? ఒకే రకం స్పార్క్ ప్లగ్ మూడు సిలిండర్ల ఇంజన్‌కి మూడు కావాలి, నాలుగు సిలిండర్ల ఇంజన్‌కి నాలుగు. ఆ సంఖ్యని పార్టు టేబుల్లో రాయలేం, బండి టేబుల్లోనూ రాయలేం. అది జతకి సంబంధించిన సమాచారం. ఇలాంటి ప్రశ్న ఒక్కటి వినిపించినా మామూలు ఫీల్డ్ సరిపోదు. మధ్య టేబుల్‌ని మీరే ఒక మోడల్‌గా (టేబుల్‌ని వర్ణించే క్లాసుగా) రాసుకుని, ఫీల్డ్‌లో త్రూ అని దాని పేరు ఇవ్వాలి. స్పేర్ల వ్యాపారంలో దీనికి ఫిట్‌మెంట్ అనే పేరు ఎలాగూ ఉంది, మోడల్‌కి అదే పెట్టండి.

అయితే జతకి సంబంధించినట్టు కనిపించేవన్నీ నిజంగా జతవి కావు. “ఈ హెడ్‌లైట్ స్విఫ్ట్‌కి వస్తుంది, కానీ పాత మోడల్‌కే” అంటారు. వెంటనే త్రూ మోడల్లో ‘ఏ సంవత్సరం నుంచి, ఏ సంవత్సరం దాకా’ అని రెండు కాలమ్‌లు పెట్టాలనిపిస్తుంది. ఆగండి. మన దేశంలో స్విఫ్ట్ 2005లో వచ్చింది. తర్వాత 2011లో, 2018లో, 2024లో కొత్త తరాలు వచ్చాయి. కౌంటర్లో వాళ్ళ దృష్టిలో ఇవి నాలుగు వేర్వేరు బండ్లు. బండి టేబుల్లోనే వాటిని నాలుగు వరుసలుగా విడగొడితే సంవత్సరాల గొడవ అక్కడితో తీరిపోతుంది, పార్టుకో సంవత్సరం రాసుకునే బాధ ఉండదు. ఒకే తరం మధ్యలో కంపెనీ ఒక్క పార్టుని మార్చినప్పుడు మాత్రమే ఆ తేదీ ఫిట్‌మెంట్‌లోకి రావాలి.

దీనికి ఉల్టా కేసు కూడా ఉంది. 6203 బేరింగ్ తీసుకోండి: లోపలి రంధ్రం 17 మి.మీ., బయటి వ్యాసం 40, మందం 12. ఇది స్టాండర్డ్ సైజు, చాలా చోట్ల పడుతుంది. ఒకే బండిలో రెండు వేర్వేరు చోట్ల ఇదే బేరింగ్ ఉండొచ్చు. అప్పుడు ఒకే పార్టు, ఒకే బండి, రెండు వరుసలు కావాలి. మామూలు ఫీల్డ్ యూనిక్ నిబంధన దీన్ని ఒప్పుకోదు. త్రూ మోడల్లో పార్టు, బండి, స్థానం మూడూ కలిపి యూనిక్ అని పెట్టుకుంటే కుదురుతుంది. కానీ అక్కడ జాంగో మేనేజర్ (లింకులు కలిపే యాడ్, తీసే రిమూవ్ లాంటివి ఉండేది) మీకు అక్కరకు రాదు. జత ఇప్పటికే ఉంటే యాడ్ రెండో వరుస వేయదు. రిమూవ్ చేస్తే ఆ జతకున్న వరుసలన్నీ ఒకేసారి పోతాయి, వెనక చక్రానిది తీయమంటే ముందుది కూడా తీసేస్తుంది. ఇలాంటి చోట ఫిట్‌మెంట్ వరుసల్ని నేరుగా క్రియేట్ చేయడం, నేరుగా డిలీట్ చేయడమే దారి.

నా మట్టుకు నేను డబ్బుతోనో సరుకుతోనో ముడిపడిన సంబంధం అయితే మొదటి రోజే త్రూ మోడల్ పెట్టమంటాను, అందులో ప్రస్తుతానికి రెండు ఫారిన్ కీలు (ఇంకో టేబుల్లోని వరుసని చూపించే కాలమ్‌లు) తప్ప ఇంకేం లేకపోయినా సరే. ఖర్చు ఓ పది లైన్లు. లాభం ఏంటంటే రేపు కాలమ్ కావాలంటే మామూలు మైగ్రేషన్‌తో పోతుంది. ఇంకో లాభం గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు: ఆన్ డిలీట్‌కి కాస్కేడ్ బదులు ప్రొటెక్ట్ పెట్టుకోవచ్చు. ఎవరో కొత్త కుర్రాడు బండి పేరు తప్పు పడిందని ఆ బండినే డిలీట్ చేయబోతే, దానికి కట్టిన లింకులన్నీ ఎగిరిపోకుండా అక్కడే ఆగుతుంది. ‘కొత్త స్టాక్’, ‘ఆఫర్’ లాంటి ట్యాగులకి మాత్రం ఈ హడావిడి వద్దు. వాటికి మామూలు ఫీల్డే నయం. జాంగోతో వచ్చే అడ్మిన్ పేజీల్లో ఫిల్టర్ హారిజాంటల్ (పక్కపక్క పెట్టెల్లో ఎంచుకునే ఏర్పాటు) పెట్టి వదిలేయండి.

గుంటూరు సరుకు వేరు

త్రూ మోడల్ అలవాటయ్యాక ప్రతిచోటా అదే పెట్టాలనిపిస్తుంది. గుంటూరు మిర్చి యార్డు చుట్టూ ఉన్న కోల్డ్ స్టోరేజీల సంగతి చూడండి. అక్కడివాళ్ళు వాటిని ఏసీలు అంటారు. ఒక రైతు సరుకు రెండు మూడు ఏసీల్లో ఉండొచ్చు, ఒక ఏసీలో వందల మంది రైతుల సరుకు ఉంటుంది. వినగానే మెనీ టు మెనీ అనిపిస్తుంది. టిక్కీల (మిర్చి బస్తాల) సంఖ్య జతకి సంబంధించింది కాబట్టి త్రూ మోడల్ అనీ అనిపిస్తుంది.

కానీ అదే రైతు అదే ఏసీలో ఫిబ్రవరిలో కొన్ని తేజ రకం టిక్కీలు పెడతాడు, మార్చిలో ఇంకొన్ని 341 రకం పెడతాడు, ధర వచ్చినప్పుడు కొంచెం కొంచెంగా విడిపించుకుంటాడు. ఇది ‘ఈ రైతుకీ ఈ ఏసీకీ సంబంధం ఉంది’ అని ఒకసారి చెప్పి ఊరుకునే విషయం కాదు. జరిగిన ప్రతిసారీ రాసుకోవాల్సిన లావాదేవీ. ప్రతి నిల్వకీ తనదైన తేదీ, రకం, అద్దె, దాని మీద బ్యాంకు లోను కూడా ఉంటాయి. దీనికి మెనీ టు మెనీ ఫీల్డ్ రాయనే వద్దు. నిల్వ అని మామూలు మోడల్ పెట్టి, రైతుకొక ఫారిన్ కీ, ఏసీకొక ఫారిన్ కీ ఇవ్వండి. విడుదలలకి ఇంకో టేబుల్. ఫలానా రైతు సరుకు ఏయే ఏసీల్లో ఉందో కావాలంటే నిల్వ మీదుగా ఫిల్టర్ చేసి డిస్టింక్ట్ (ఒకే పేరు మళ్ళీ రాకుండా) పెడితే వస్తుంది.

గుర్తు పట్టడం తేలికే. జత సాధారణంగా ఒక్కసారే ఉండి, దాని గురించి కొంత సమాచారం ఉంటే త్రూ. అదే జత మళ్ళీ మళ్ళీ వస్తూ, వచ్చిన ప్రతిసారీ కొత్త రసీదు పుడుతుంటే విడి మోడల్.

అన్నీ ఒకే కాలమ్‌లో కుక్కితే?

బండ్ల ఐడీలన్నీ ఒక జేసన్ ఫీల్డ్‌లో (జాబితాని ఉన్నట్టే దాచే కాలమ్‌లో) జాబితాగా పెట్టేయొచ్చు కదా అని అడిగేవాళ్ళు ఉంటారు. పెట్టొచ్చు. జాంగో 3.1 నుంచి జేసన్ ఫీల్డ్ జాంగో సపోర్ట్ చేసే అన్ని డేటాబేస్‌లతోనూ పనిచేస్తుంది. పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ అయితే అర్రే ఫీల్డ్ కూడా ఉంది. సేవ్ చేయడం చాలా సుఖం, ఒక్క వరుస, ఒక్క సేవ్. ఐతే ఆ జాబితాలోని ఐడీలకి ఫారిన్ కీ రక్షణ ఉండదు. బండి డిలీట్ అయినా దాని నంబరు అందులో అలాగే పడుంటుంది. పైగా ‘ఈ బండికి ఏయే పార్టులున్నాయి’ అనే ఉల్టా ప్రశ్న కష్టమవుతుంది, కౌంటర్లో రోజంతా అడిగేదేమో అదే.

జేసన్ బాగా నప్పేది ఒకచోట ఉంది: కొటేషన్ ఇచ్చినప్పుడు, ఆ కాగితం మీద ఏ బండ్ల పేర్లు పడ్డాయో పడ్డట్టే దాచాలంటే. తర్వాత పేరు మారినా, లింకు తీసేసినా, ఆ పాత కాగితం మారకూడదు. అక్కడ ఫారిన్ కీ లేకపోవడమే మంచిది.

ఇక సేవ్ చేయడం

పార్టు డేటాబేస్‌లోకి వెళ్ళాక గానీ దానికి లింకు కట్టలేం, ఎందుకంటే మధ్య టేబుల్లో రాయడానికి దాని ఐడీ కావాలి. సేవ్ చేయకుండా యాడ్ పిలిస్తే జాంగో వ్యాల్యూ ఎర్రర్ ఇచ్చి అక్కడే ఆపుతుంది. ఇది అందరికీ తెలిసిందే. ప్రైమరీ కీగా (వరుసని గుర్తుపట్టే ఐడీగా) యూయూఐడీ అనే పొడవాటి యాదృచ్ఛిక ఐడీ వాడి దానికి డిఫాల్ట్ పెట్టినప్పుడు మాత్రం జాగ్రత్త. అప్పుడు సేవ్ చేయకముందే ఆబ్జెక్ట్‌కి కీ ఉంటుంది కాబట్టి ఆ ఎర్రర్ రాదు. యాడ్ జరిగినట్టే ఉంటుంది. పోస్ట్‌గ్రెస్‌లో జాంగో ఫారిన్ కీ తనిఖీని ట్రాన్సాక్షన్ (అన్నీ కలిసి జరిగే, లేదా ఏదీ జరగని మార్పుల కట్ట) చివరిదాకా వాయిదా వేస్తుంది. దాంతో ఇంటెగ్రిటీ ఎర్రర్ తీరా కమిట్ దగ్గర వచ్చి, తప్పు ఎక్కడో ఉంటే ట్రేస్‌బ్యాక్ ఇంకెక్కడో చూపిస్తుంది.

ఫారం విషయానికొస్తే, మోడల్ ఫారంలో (మోడల్ నుంచి తయారయ్యే ఫారంలో) సేవ్ అని ఊరికే పిలిస్తే పార్టునీ లింకుల్నీ రెండింటినీ అదే రాసేస్తుంది. ‘ఎవరు ఎంటర్ చేశారు’ లాంటి ఫీల్డ్ నింపడానికి కమిట్ ఫాల్స్ (ఇప్పుడే డేటాబేస్‌లో రాయొద్దు అని) పెట్టారా, లింకులు రాయడం ఆగిపోతుంది. ఆబ్జెక్ట్‌ని మీరు సేవ్ చేశాక, ఫారం మీద సేవ్ ఎం2ఎం అని విడిగా పిలవాలి. మర్చిపోతే ఎర్రరేమీ రాదు, పార్టు పడుతుంది, బండ్లు పడవు. దీన్ని తప్పించుకోవాలంటే ఫారంకి ఇచ్చే ఇన్‌స్టాన్స్‌లోనే ఆ ఫీల్డ్ ముందుగా నింపేయండి. కమిట్ ఫాల్స్ అవసరమే రాదు.

అసలు ఎంపిక అంతా యాడ్, సెట్‌ల మధ్యే ఉంది. యాడ్ అంటే ‘వీటిని కూడా కలుపు’. సెట్ అంటే ‘ఇక నుంచి ఇవే’. సెట్ ఇప్పుడున్న లింకుల్ని తెచ్చుకుని, కొత్త జాబితాతో పోల్చి, లేనివాటిని తీసేసి, కావాల్సినవి కలుపుతుంది. ఉన్నవాటి జోలికి పోదు. దానికే క్లియర్ ట్రూ ఇస్తే అన్నీ తుడిచి మళ్ళీ రాస్తుంది. త్రూ మోడల్‌తో ఆ పని అస్సలు చేయకండి, ఒక్కో జతకి రాసుకున్న సంఖ్యలన్నీ పోతాయి.

కొట్టులో రెండు కౌంటర్లు ఉన్నాయి. ఇద్దరూ ఒకే క్లచ్ ప్లేటు పేజీ తెరిచారు. ఒకాయన డిజైర్ టిక్కు పెట్టి సేవ్ చేశాడు. రెండో ఆయన స్క్రీన్ అంతకు ముందే తెరిచింది, అందులో డిజైర్‌కి టిక్కు లేదు. ఆయన ఎర్టిగా టిక్కు పెట్టి సేవ్ కొట్టాడు. సెట్ వాడితే డిజైర్ లింకు పోయింది. ఇద్దరిలో ఎవరి తప్పూ లేదు, ఎవరికీ తెలియదు కూడా. యాడ్, రిమూవ్‌లతో మారినదాన్ని మాత్రమే పంపేలా స్క్రీన్ రాసుంటే రెండూ నిలిచేవి. కాబట్టి జాబితా మొత్తం ఒకే మనిషి చేతిలో ఉంటే, లేదా కంపెనీ కేటలాగ్ ఫైలు నుంచి మొత్తం దిగుమతి చేస్తుంటే సెట్. నలుగురు చేతులు పెట్టే చోట యాడ్, రిమూవ్.

సెట్‌తో వచ్చే ఇంకో ప్రమాదం ఫారంలో దాగి ఉంటుంది. ఫారం క్లాసులో బండ్ల ఫీల్డ్ ఉంది, తప్పనిసరి కాదు. ఎవరో టెంప్లేట్ కొత్తగా రాస్తూ ఆ ఫీల్డ్‌ని స్క్రీన్ మీద చూపించలేదు. బ్రౌజర్ నుంచి ఏమీ రాదు. జాంగో దాన్ని ఖాళీ జాబితాగానే తీసుకుని సెట్ చేస్తుంది. ధర మార్చడానికి తెరిచిన ప్రతి పార్టూ తన బండ్లన్నింటినీ పోగొట్టుకుంటుంది. చూపించని ఫీల్డ్‌ని ఫారం ఫీల్డ్స్‌లోంచి కూడా తీసేయాల్సిందే. ధరల స్క్రీన్‌కి వేరే చిన్న ఫారం రాసుకోండి.

త్రూ మోడల్‌తో యాడ్, సెట్ పనిచేయవని పాత ట్యుటోరియల్స్‌లో చదివి ఉంటారు. జాంగో 2.2 నుంచి త్రూ డిఫాల్ట్స్ అనే ఆర్గ్యుమెంట్ వచ్చింది, అదనపు కాలమ్‌ల విలువలు అందులో ఇవ్వొచ్చు. చూడటానికి బాగుంటుంది గానీ రెండు పరిమితులున్నాయి. ఒక పిలుపులో కలిపే కొత్త లింకులన్నింటికీ అదే విలువ పడుతుంది: ఒక బండికి మూడు, ఇంకో బండికి నాలుగు అని ఇవ్వలేం. ఇప్పటికే ఉన్న జతకి కొత్త విలువ ఇచ్చినా మారదు. కాబట్టి అడ్మిన్‌లో ఇన్‌లైన్, మీ సొంత పేజీలో ఫారంసెట్ (రెండూ ఒకే పేజీలో వరుసకో ఫారం చూపించేవి), దిగుమతిలో ఫిట్‌మెంట్ మీద బల్క్ క్రియేట్ (చాలా వరుసల్ని ఒకేసారి వేసేది) వాడటం మేలు. జాంగో 4.1 నుంచి బల్క్ క్రియేట్‌కి అప్‌డేట్ కాన్‌ఫ్లిక్ట్స్ ఇస్తే, జత ఉంటే సంఖ్య మార్చి, లేకపోతే కొత్త వరుస వేస్తుంది. కేటలాగ్ దిగుమతికి దీన్ని మించింది లేదు. పార్టు సేవ్, ఫిట్‌మెంట్ సేవ్ రెండింటినీ ట్రాన్సాక్షన్ అటామిక్‌లో పెట్టండి, మధ్యలో ఆగితే బండ్లు లేని పార్టు మిగలకుండా.

అడ్మిన్‌లో ఒక చిన్న సంగతి. సొంత త్రూ మోడల్ ఉన్న ఫీల్డ్ పేరుని ఫీల్డ్స్‌లో రాస్తే సిస్టమ్ చెక్ ఆపేస్తుంది, ఇన్‌లైన్‌తోనే వెళ్ళాలి. ఇన్‌లైన్‌లో ప్రతి వరుసకీ బండ్ల డ్రాప్‌డౌన్ మొత్తం లోడవుతుంది కాబట్టి పేజీ నత్తనడక నడుస్తుంది. ఆటోకంప్లీట్ ఫీల్డ్స్ పెట్టేయండి.

సిగ్నల్స్ నమ్ముకునేవాళ్ళకి

పార్టు సేవ్ అవగానే దాని బండ్ల పేర్లన్నీ కలిపి సెర్చ్ కాలమ్ నింపాలని పోస్ట్ సేవ్ సిగ్నల్ (సేవ్ అయ్యాక జాంగో పంపే కబురు) వాడి రాస్తారు. అది ఎప్పుడూ ఒక అడుగు వెనకే ఉంటుంది. ఎందుకంటే ఆ సిగ్నల్ వచ్చేసరికి పార్టు మాత్రమే సేవ్ అయింది, లింకులు ఇంకా పడలేదు. అడ్మిన్‌లో సేవ్ మోడల్‌ని ఓవర్‌రైడ్ చేసినా ఇదే కథ. అక్కడ సేవ్ రిలేటెడ్‌ని ఓవర్‌రైడ్ చేసి, సూపర్ (అసలు మెథడ్) పిలిచాక మీ పని చేసుకోవాలి.

మామూలు ఫీల్డ్‌కైతే ఎం2ఎం ఛేంజ్‌డ్ సిగ్నల్ ఉంది, యాడ్, రిమూవ్, సెట్, క్లియర్ అన్నింటికీ వస్తుంది. కానీ యాడ్ లోపల బల్క్ క్రియేట్ వాడుతుంది కాబట్టి మీ త్రూ మోడల్‌లో రాసుకున్న సేవ్ మెథడ్ నడవదు. ఫిట్‌మెంట్‌ని నేరుగా క్రియేట్ చేస్తే సేవ్ నడుస్తుంది, ఎం2ఎం ఛేంజ్‌డ్ రాదు. నేరుగా బల్క్ క్రియేట్ చేస్తే రెండూ లేవు. ఇన్ని దార్లకి కాపలా కాయడం కన్నా ‘బండ్లు కట్టు’ అని ఒక ఫంక్షన్ రాసి, ఫారం, అడ్మిన్, దిగుమతి అన్నీ దాని గుండానే పోయేలా చేయడం నాకు నచ్చిన పద్ధతి. సిగ్నల్స్ అవసరం చాలావరకు అక్కడితో తీరిపోతుంది.

మొబైల్ యాప్ కోసం రెస్ట్ ఫ్రేమ్‌వర్క్ (జాంగోతో ఏపీఐ రాసే లైబ్రరీ) వాడుతుంటే, మామూలు ఫీల్డ్‌కి ఐడీల జాబితా పంపితే సీరియలైజర్ (యాప్ పంపిన డేటాని మోడల్‌గా మార్చేది) తనే సేవ్ చేస్తుంది. త్రూ మోడల్ ఉంటే ఆ ఫీల్డ్ రీడ్ ఓన్లీ అయిపోతుంది. నెస్టెడ్ సీరియలైజర్ పెట్టి క్రియేట్, అప్‌డేట్ మీరే రాసుకోవాలి. ఇక్కడే పైన చెప్పిన ఫంక్షన్ అక్కరకొస్తుంది.

లారవెల్, రైల్స్ వాళ్ళకి రెండు మాటలు

పీహెచ్‌పీ ఫ్రేమ్‌వర్క్ లారవెల్‌లో సింక్ అంటే మన సెట్. ఐడీకో పివట్ (మధ్య టేబుల్) విలువ ఇవ్వొచ్చు, ఈ విషయంలో జాంగో కన్నా హాయి. అటాచ్‌తో మాత్రం జాగ్రత్త, డేటాబేస్‌లో మీరు యూనిక్ పెట్టకపోతే అదే జతని మళ్ళీ మళ్ళీ వేస్తూ పోతుంది. ఉన్నవి తీయకుండా కలపాలంటే సింక్ వితౌట్ డిటాచింగ్ ఉంది. రూబీ ఫ్రేమ్‌వర్క్ రైల్స్‌లో హ్యాజ్ అండ్ బిలాంగ్స్ టు మెనీ, హ్యాజ్ మెనీ త్రూల మధ్య పైన చెప్పిన లెక్కే వర్తిస్తుంది. అప్పటికే సేవ్ అయి ఉన్న రికార్డుకి కొత్త ఐడీల జాబితా అసైన్ చేస్తే సేవ్ పిలవకముందే డేటాబేస్‌లో మారిపోతుంది. తర్వాత వాలిడేషన్ ఫెయిలైనా లింకులు మాత్రం మారే ఉంటాయి, ట్రాన్సాక్షన్‌లో చుట్టకపోతే.

ఇప్పటికే మామూలు ఫీల్డ్ ఉండి, త్రూ కావాలంటే

మోడల్లో త్రూ అని రాసి మైగ్రేట్ చేస్తే జాంగో ఒప్పుకోదు, మెనీ టు మెనీ ఫీల్డ్‌కి త్రూ కలపడం, తీయడం కుదరదని ఎర్రర్ ఇస్తుంది. ఫీల్డ్ తీసేసి కొత్తది పెడితే ఒప్పుకుంటుంది, కానీ లింకులన్నీ పోతాయి. సరైన దారి సెపరేట్ డేటాబేస్ అండ్ స్టేట్ అనే ఆపరేషన్. ఫిట్‌మెంట్ మోడల్‌కి డీబీ టేబుల్ పేరుగా పాత మధ్య టేబుల్ పేరే ఇవ్వండి, ఫారిన్ కీల కాలమ్ పేర్లు పాతవాటితో కలిసేలా చూడండి. మోడల్ తయారీనీ, ఫీల్డ్‌కి త్రూ కలపడాన్నీ స్టేట్ (మోడళ్ళ గురించి జాంగో దగ్గరుండే లెక్క) వైపు మాత్రమే రాయండి. డేటాబేస్‌లో ఏమీ జరగదు, అదే టేబుల్‌కి ఇప్పుడు మోడల్ ఉందని జాంగోకి తెలుస్తుంది, అంతే. పాత యూనిక్ నిబంధనని కూడా యూనిక్ టుగెదర్‌గా అదే స్టేట్‌లో చెప్పండి. లేకపోతే బేరింగ్‌లాంటి కేసు వచ్చి దాన్ని తీయాలనుకున్న రోజు, అలాంటిదొకటి ఉందని జాంగోకే తెలియదు.

సంఖ్య కాలమ్‌ని ఆ తర్వాతి మైగ్రేషన్‌లో విడిగా కలపండి. డిఫాల్ట్ 1 పెట్టేద్దామనిపిస్తుంది. పెట్టకండి, నల్ (ఖాళీ) ఉంచండి. పాత వరుసలన్నింటికీ 1 పడితే ఎవరో చూసి రాసిందేదో, మైగ్రేషన్ నింపిందేదో తర్వాత తేల్చలేరు, నాలుగు ప్లగ్గులు పడే ఇంజన్‌కి బిల్లులో ఒకటే పడుతుంది. నల్ ఉంటే కౌంటర్ స్క్రీన్ మీద ‘సంఖ్య రాయలేదు’ అని చూపించి, ఆ బండి కొట్టు ముందుకి వచ్చినప్పుడు మెకానిక్‌ని అడిగి నింపేయొచ్చు.